బాలింత కంచంలో కూరాకు ఏది?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును రెండుగా చీల్చుకుంటూ పోతుంది. వానాకాలంలో రెండువైపులా ఉప్పునీళ్లు, ఎండాకాలంలో తెల్లగా మెరిసే ఉప్పుమన్ను. ఆ రోడ్డు చివర దీవిలో 1971 అక్టోబర్ 9న మొదటి రాకెట్ లేచింది. 2023 జులై 14న చంద్రయాన్-3 కూడా అక్కడినుంచే లేచింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం.

ఆ రోడ్డుకు ఇవతల, సరస్సు ఒడ్డున వున్న ఒక యానాది కాలనీకి మొన్న నాట్ల ముందు పోయాం. కూలిరేట్ల మీటింగుకని పోయాం. మీటింగుకు ఇంకా జనం పోగవలేదు. ఒక గుడిసె ముందు కూర్చున్నాం. లోపల ఒక బాలింత, పన్నెండు రోజుల బిడ్డ. అత్తగారు ఆమెకు అన్నం పెడుతూ వుంది. కంచంలో అన్నం, దానిమీద వెల్లుల్లి కారప్పొడి. అంతే.

“కూర ఏమీ లేదా అవ్వా?” అని అడిగాం.

“బాలింతకు కూరాకు పెడితే బిడ్డకు పడదు నాయనా. పాలు తాగే బిడ్డకు కడుపుబ్బుతుంది. నలభై రోజులు ఇంతే తినాల. మేమూ ఇట్టనే తిన్నాం” అంది ముసలామె.

లోపల్నుంచి బాలింత నవ్వింది. “పథ్యం లేకపోయినా ఇదే గదన్నా. కూర యాడుండాది?” అంది.

ఆ ఒక్క మాట మమ్మల్ని ఆ రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఇరవై ఏళ్లుగా కూలి గురించి, భూమి గురించి, రేషన్ బియ్యం గురించి మాట్లాడుతున్నాం. కడుపుతో వున్న మన అక్కచెల్లెళ్లు ఏం తింటున్నారో, కని పడుకున్న మనిషి కంచంలో ఏం పడుతుందో ఏ మీటింగులోనూ అడగలేదు. అందుకే ఈ వ్యాసం.

రెండు తాళాలు

ఆ కంచానికి రెండు తాళాలు పడివున్నాయి. ఒకటి ఆచారం వేసిన తాళం, రెండోది దరిద్రం వేసిన తాళం. పట్నం డాక్టర్లు మొదటిదే చూస్తారు. “వీళ్లకు తెలివి లేదు, పండ్లూ కూరగాయలూ తినమంటే తినరు” అని విసుక్కుంటారు. మనలాంటి కార్యకర్తలం రెండోదే చూస్తాం. “కూలి పెరిగితే అన్నీ వస్తాయి” అని తేల్చేస్తాం. రెండు మాటలూ సగం నిజాలే. ఒక తాళం తీసి రెండోది అట్లాగే వుంచితే తలుపు తెరుచుకోదు.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో వున్నట్టు తేలింది. రక్తంలో హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే చూలింతకు రక్తం తక్కువైనట్టు లెక్క. 7 కన్నా తగ్గితే ప్రాణాపాయం. కాన్పు సమయంలో మామూలుగా పోయే రక్తాన్ని కూడా ఆ ఒళ్లు తట్టుకోలేదు. నాట్లు వేస్తూ వేస్తూ కళ్లు తిరిగి గట్టు మీద కూలబడిన ఆడకూలీని చూసి “ఎండదెబ్బ” అనుకుంటాం. చాలాసార్లు అది ఎండ కాదు, రక్తం లేకపోవడం.

కడుపులో బిడ్డ ఏమడుగుతుంది?

కడుపుతో వున్నప్పుడు తల్లి ఒంట్లో రక్తం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఆ కొత్త రక్తానికి ఇనుము కావాలి, ఫోలిక్ ఆమ్లం కావాలి. బిడ్డ ఎముకకు సున్నం కావాలి. తల్లి తినే తిండిలో లేకపోతే ఆ సున్నాన్ని బిడ్డ తల్లి ఎముకల్నించే లాక్కుంటుంది. కన్న తర్వాత ఖర్చు ఇంకా పెరుగుతుంది. పాలిచ్చే తల్లి రోజుకు ముప్పాతిక లీటరు దాకా పాలు తయారుచేస్తుంది. మొదటి ఆరునెలలూ ఆమెకు మామూలు తిండి మీద రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కట్టింది. గర్భిణికి 350 చాలు. అంటే బాలింత చూలింత కన్నా ఎక్కువ తినాలి. మన ఇళ్లల్లో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

విటమిన్ సి సంగతీ అంతే. 2020లో అదే సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు స్త్రీకి రోజుకు 65 మిల్లీగ్రాములు, గర్భిణికి 80, పాలిచ్చే తల్లికి 115. ఇది బియ్యంలో దొరికేది కాదు. పండులోనూ పచ్చి ఆకులోనూ కాయలోనూ వుంటుంది.

చెట్టు రంగే దాని బలానికి గుర్తు. మామిడిపండు, బొప్పాయి, గుమ్మడి పచ్చగా వుండడానికి కారణం కెరోటిన్. మన ఒళ్లు దాన్ని విటమిన్ ఏగా మార్చుకుంటుంది. ముదురాకుపచ్చ కూరల్లో కెరోటిన్‌తో పాటు కంటికి మేలుచేసే లూటిన్ వుంటుంది. కాన్పైన మొదటి రోజుల్లో వచ్చే ముర్రుపాలు పసుపు రంగులో వుండేది కూడా ఈ కెరోటిన్ వల్లనే. తల్లి తిన్న ఆకుకూర రంగు పాలలోకి దిగుతుంది. ఆ పసుపు పాలను “చెడ్డపాలు” అని పిండి పారబోస్తున్నారు ఇంకా కొన్ని ఇళ్లల్లో. బిడ్డకు మొదటి టీకా లాంటిది నేలపాలవుతున్నది. చూలింతల్లో కొందరికి చీకటి పడగానే కళ్లు కనపడవు. విటమిన్ ఏ తగ్గిపోతే వచ్చే రేచీకటి అది. దానికి ఎవరో చెప్పారని పెద్ద మోతాదు విటమిన్ ఏ మందు సొంతంగా కొని తినకూడదు, కడుపులో బిడ్డకు హాని. కూరాకులోని కెరోటిన్‌తో ఆ భయం లేదు.

బొంబాయి మిల్లు కార్మికురాలు నేర్పిన పాఠం

ఫోలిక్ ఆమ్లం కథ ప్రతి కార్మికుడూ తెలుసుకోవాల్సిన కథ. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే స్త్రీలు కడుపుతో వున్నప్పుడు రక్తం పాలిపోయి చనిపోతున్నారు. కారణం ఎవరికీ తెలియదు. ఆమె రోగక్రిములను వెతికి, లేవని తేల్చుకుని, ఆ స్త్రీలు ఏం తింటున్నారో చూసింది. పేద ఇళ్లల్లో పండూ కూరగాయా దాదాపు లేవు. ఈస్టుతో చేసిన చవకైన గుజ్జును వాళ్లకు ఇస్తే కోలుకున్నారు. 1931లో ఆ విషయం అచ్చయింది. అందులో వున్న పదార్థమేమిటో తెలియడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూరను మరగబెట్టి దాన్ని విడదీశారు. లాటిన్‌లో ఆకును ‘ఫోలియం’ అంటారు, అందుకని ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. మాటకు మాట చెప్పాలంటే అది ‘ఆకు ఆమ్లం’.

గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకుంటుంది. అప్పటికి చాలామంది తల్లులకు నెల తప్పిన సంగతే తెలియదు. ఫోలిక్ ఆమ్లం తక్కువైతే వెన్నులో లోపంతో బిడ్డ పుట్టే ప్రమాదం పెరుగుతుందని 1991లో రుజువైంది. కాబట్టి ఆకుకూర పెళ్లయిన పిల్ల కంచంలో మొదటినుంచీ వుండాల్సిందే. నీళ్లోసుకుందని తెలిసిన తర్వాత మొదలుపెడితే ఆలస్యమే.

ఈ శాస్త్రం మొత్తం ఒక మిల్లు కూలి కంచంలోంచి పుట్టింది. మరి ఆ శాస్త్రఫలం ఇవాళ పొలం కూలి కంచం దాకా ఎందుకు రాలేదు?

అడవి పండు ఎక్కడికి పోయింది?

యానాదులకు చెట్టూచేమా తెలియదని ఎవరైనా అంటే నవ్వాలి. శ్రీహరికోట అడవిలో ఏ వేరు దేనికి పనికొస్తుందో వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఎండాకాలం పాలపండ్లు, నేరేడుపండ్లు, ఈతపండ్లు, కలేకాయలు. చలికాలం రేగుపండ్లు. తాటిముంజలు, తేగలు, అడవిదుంపలు, తేనె. చూలింత నోటికి పుల్లగా కావాలంటే అడవిలోకి పోతే దొరికేది.

1835లో ఈ దీవి ఇంగ్లీషు సర్కారు చేతికి వచ్చింది. అడవి కట్టె బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి పోయింది. అడవిని ఏరితెచ్చే పని యానాదులది, లాభం ఇంకొకరిది. ఆ తర్వాత వాళ్లమీద నేరస్తుల జాతి అని ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో గానీ రద్దు కాలేదు. 1969లో దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. భద్రత కోసం కంచె వచ్చింది, గేటు వచ్చింది, పాసు వచ్చింది. చాలా కుటుంబాలు ఒడ్డుకు వచ్చిపడ్డాయి. మేము రాకెట్‌కు వ్యతిరేకులం కాము. సైన్సు కావాలి. ఐతే అడవిని పోగొట్టుకున్న వాళ్లకు ఇంటిస్థలం లెక్క కట్టారేగాని, అడవి పెట్టిన పండూ దుంపా ఎంత విలువో ఎవరూ లెక్క కట్టలేదు.

ఒడ్డున ఏముంది? ఉప్పునేల, ఉప్పునీళ్లు. 1990లలో నెల్లూరు తీరం పొడవునా రొయ్యలగుంటలు తవ్వారు. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీరం వెంబడి వున్న రొయ్యల చెరువులను తొలగించమని తీర్పిచ్చింది. 2005లో మరో చట్టం వచ్చి రొయ్యల సాగు మళ్లీ నిలదొక్కుకుంది. గుంట పక్కన పెరడు ఉప్పుబారిపోతే అక్కడ తోటకూర మొలవదు.

ఇక పొలం గట్టు. కలుపు తీసేటప్పుడు మన ఆడోళ్లు ఒడిలో పొన్నగంటి కూర, చెంచలి కూర, గంగపాయల కూర కోసుకొచ్చేవాళ్లు. అది కూలిలో రాయని కూలి. ఇప్పుడు కలుపుమందు వచ్చింది. కలుపుకూలీ పోయింది, దానితోపాటు ఊరికే దొరికే కూరాకూ పోయింది. మందు కొట్టిన గట్టున కోసిన ఆకు తినకూడదు కూడా. ఒక్క డబ్బా మందు కూలిపనినీ కూరనూ రెంటినీ తినేసింది.

పథ్యం పేరుతో

ఇప్పుడు మొదటి తాళం. మన పెద్దోళ్లను ఎగతాళి చేసి దీన్ని తీయలేం. బిడ్డను కాపాడుకోవాలనే వాళ్ల తాపత్రయం నిజం. ఐతే మాట ఒక్కొక్కటీ పరీక్షించుకోవాలి.

నేరేడుపండు తింటే నల్లబిడ్డ పుడుతుందంటారు. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది, పండునుంచి రాదు.

బొప్పాయి తింటే కడుపు పోతుందంటారు. ఇందులో కొంత విషయం వుంది. పచ్చికాయలో కారే పాలకు గర్భసంచిని కదిలించే గుణం వున్నట్టు ఎలుకలమీద చేసిన ప్రయోగాల్లో కనపడింది. కాబట్టి చూలింత పచ్చిబొప్పాయి, దోరబొప్పాయి మానుకోవడమే మంచిది. బాగా మాగిన పండుకు ఆ దోషం లేదు. బాలింతకైతే నిరభ్యంతరంగా పెట్టవచ్చు.

ఆకుకూర, కూరగాయ తింటే పాలు తాగే బిడ్డకు పడదంటారు. తల్లి తిన్న కూర రుచి పాలలోకి కొంచెం వస్తుంది, నిజమే. అది బిడ్డకు మేలు. 2001లో అమెరికాలో అచ్చయిన ఒక ప్రయోగంలో క్యారట్ రసం తాగిన తల్లుల పిల్లలు, తర్వాత క్యారట్ రుచి కలిపిన తిండిని ఇష్టంగా తిన్నారు. తల్లి పాలలోనే బిడ్డ ఇంటి కూర రుచి నేర్చుకుంటుంది.

“అంబటేళ ఒక్కపూట తిను, నీళ్లు తాగబోకు” అనేది అన్నిటికన్నా చెడ్డది. పాలు నీళ్లలోంచే తయారవుతాయి. దాహంతో వున్న తల్లికి పాలెక్కడివి? పాలు తగ్గగానే డబ్బాపాలు అమ్మేవాడు గుమ్మంలోకి వస్తాడు. డబ్బాపాల ప్రచారాన్ని అదుపుచేస్తూ 1992లో మన దేశంలో చట్టమే చేయవలసి వచ్చిందంటే ఆ వ్యాపారం ఎట్లాంటిదో అర్థం చేసుకోవచ్చు. గర్భిణికి బలం అని రంగుల డబ్బాల్లో అమ్మే పొడులదీ ఇదే దారి. ఆ డబ్బా ఖరీదుతో ఎన్ని గుడ్లు, ఎన్ని జామకాయలు వస్తాయో లెక్క వేసుకోండి.

ఇంకొక ఆచారం వుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మొగోళ్లు ముందు తినడం. మీటింగులో సమానత్వం మాట్లాడి ఇంటికిపోయి మనమే ముందు కూర్చుంటున్నాం. కూరలో ముక్కలు మనకు, గిన్నె అడుగున మిగిలిన పులుసు ఆమెకు. కడుపుతో వున్న మనిషి ఆఖర్న తింటుంటే మనం ఏ ముఖంతో ఎర్రజెండా పట్టుకున్నట్టు?

చేతిలో వున్నదానితో ఏం చేయాలి?

రోజుకు 400 గ్రాముల కూరగాయలు, అందులో ఆకుకూరలు కలిసి, 100 గ్రాముల పండ్లు తినమని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. ఇది చదివి మన అక్కలు నవ్వుతారని తెలుసు. ఐనా ఆ లెక్క తెలిసివుండాలి, ఎంత లోటో తెలియాలి గదా. అంతదాకా చేతనైనవి చెప్పుకుందాం.

ఒకటి, ఇంటికొక మునగచెట్టు, ఒక అవిశచెట్టు. వంద గ్రాముల మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం వుంది, అంతే పాలలో వున్నదానికి రెండింతల పైన. అవిశాకులో మునగాకు కన్నా రెండింతలకు పైగా వుంది. వాడిన నీళ్లు పోసినా మునగ బతుకుతుంది. నేల ఉప్పుబారితే గట్టు పోసి, మంచిమట్టి వేసి, పాత కుండలోనో గోతంలోనో తోటకూర చల్లుకోవచ్చు.

రెండు, ఆకుకూరలోని ఇనుము ఒంటికి సులువుగా పట్టదు. పక్కన పులుపు వుంటే పడుతుంది. అన్నంలో నిమ్మకాయ పిండుకోవాలి. ఒక ఉసిరికాయో ఒక జామకాయో చాలు. టీ ఐతే ఇనుమును పట్టనివ్వదు. పొలంలో సద్ది తిన్న వెంటనే ఆసామి టీ పోయిస్తాడు. దాన్ని గంటన్నర, రెండు గంటలు ఆగి తాగండి.

మూడు, ఆకు కడిగిన తర్వాత తరగాలి, తరిగిన తర్వాత కడగకూడదు. మూతపెట్టి కొద్దినీళ్లతో ఉడికించాలి. ఉడికిన నీళ్లు పారబోస్తే ఫోలిక్ ఆమ్లం, విటమిన్ సి నీళ్లతో పోతాయి. ఒక చెంచా నూనె పడితేనే కెరోటిన్ ఒంటికి పడుతుంది. పులికాట్ చేపముక్క ఒకటి తోడైతే ఇంకా మంచిది.

నాలుగు, ఆకు తింటున్నాం గదా అని మాత్రలు మానొద్దు. ఇప్పటికే రక్తం తగ్గిపోయిన మనిషికి కూర ఒక్కటే చాలదు. గర్భిణికి ఆరునెలలు, కాన్పయ్యాక ఆరునెలలు రోజుకొక ఇనుప మాత్ర ఇవ్వాలన్నది ప్రభుత్వం నిర్ణయమే. మలం నల్లగా రావడం మాత్ర వల్లనే, భయపడనక్కర్లేదు. చెప్పుల్లేకుండా బురదలో దిగేవాళ్లకు కొంకిపురుగు పాదంలోంచి ఎక్కి పేగులో రక్తం తాగుతుంది. నాలుగో నెల వచ్చాక డాక్టరును అడిగి పురుగుల మాత్ర వేసుకోవాలి.

హక్కు సంగతి

2013 ఆహారభద్రత చట్టం ప్రతి గర్భిణికీ, కాన్పు తర్వాత ఆరునెలల దాకా ప్రతి తల్లికీ అంగన్‌వాడీ నుంచి ఉచిత భోజనం, కనీసం 6000 రూపాయల ప్రసూతి సాయం హక్కుగా ఇచ్చింది. 2017లో వచ్చిన పథకం దాన్ని మొదటి బిడ్డకే, 5000కే కుదించింది. 2022లో మార్చి, రెండో బిడ్డ ఆడపిల్ల ఐతే 6000 అన్నారు. రెండో బిడ్డ మగపిల్లాడైతే ఆ తల్లికి రక్తం కారలేదా? చట్టం షెడ్యూలులో మొదట రాసింది 600 కేలరీలు, 18–20 గ్రాముల ప్రొటీను. కూరాకుకూ పండుకూ అందులో చోటులేదు. 2023లో విటమిన్లు, ఖనిజాల మాట చేర్చారు. కాగితం మీద చేర్చడం వేరు, కంచంలో చేర్చడం వేరు.

ఫ్యాక్టరీ, ఆఫీసు ఉద్యోగినికి 26 వారాల ప్రసూతి సెలవు 2017లో వచ్చింది. మంచిదే, పోరాడి తెచ్చుకున్నారు. ముఠాగా నాట్లు వేసే మన చెల్లెలికి ఎన్ని వారాలు? ఆమె ఎనిమిదో నెలదాకా బురదలో వంగుతుంది, నెల తిరక్కుండా మళ్లీ దిగుతుంది. మన కూలి ఒప్పందాల్లో ఇన్నేళ్లూ బియ్యం, డబ్బులు, టీ గురించి బేరమాడాం. గర్భిణి సంగతి ఎన్ని ఒప్పందాల్లో రాశాం?

అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. మీద ఎస్మా ప్రయోగించినా కదల్లేదు. ఆ అక్క చేతి గరిటెలోంచే మన బాలింతకు తిండి రావాలి. ఆమెకు కడుపునిండా జీతం ఇవ్వమని అడగడం మన డిమాండు కూడా.

సంఘం చేయవలసిన పని

ఇవీ మేము ముందుంచుతున్న డిమాండ్లు. అంగన్‌వాడీ భోజనంలో రోజూ ఆకుకూర, వారానికి కొన్నిసార్లైనా ఒక పండు వుండాలి, వాటిని స్థానిక మహిళల దగ్గరే కొనాలి. వ్యవసాయ కూలి స్త్రీకి ఆరునెలల ప్రసూతి కూలి ప్రభుత్వమే ఇవ్వాలి. ప్రతి కాన్పుకూ సాయం అందాలి. ఉప్పునీళ్ల కాలనీలకు మంచినీళ్లు రావాలి. దీవి అడవిలో కాలం వచ్చినప్పుడు పండ్లు ఏరుకునేందుకు, భద్రతకు అడ్డులేని చోట్ల యానాదులకు పద్ధతి ప్రకారం అనుమతి ఇవ్వాలి.

ఇవి సాధ్యంకాదని ఎవరైనా అంటే దూబగుంటను గుర్తుచేయండి. 1992లో ఈ నెల్లూరు జిల్లా పల్లెలోనే అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడవాళ్లు లేచి సారాకొట్టు మూయించారు. మరుసటేడు అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అప్పుడూ మొదట అందరూ నవ్వారు.

సోదరులారా, వచ్చే కూలిరేట్ల మీటింగులో అధ్యక్షుడు కుర్చీలో కూర్చోగానే మొదటి ప్రశ్న ఇది వేయండి: ఈ కాలనీలో కడుపుతో వున్నవాళ్లెవరు, బాలింతలెవరు, వాళ్లు రాత్రి ఏం తిన్నారు? జవాబు రిజిస్టరులో రాయించండి. ఆ తర్వాత రేట్ల మాట మాట్లాడుదాం.

మేము ఆ కాలనీకి మళ్లీ పోయినప్పుడు రెండు మునగకొమ్మలు తీసుకుపోయాం. ముసలామె వాటిని పెరట్లో పాతింది. “ఆకొస్తే బాలింతకు పెడతావా అవ్వా?” అని అడిగాం. కాసేపు ఆలోచించింది. “ముందు నేను తిని చూస్తాలే నాయనా” అంది. మాకు అదే చాలు. తాళం కొంచెం కదిలింది.